ఆర్మీలో ఉండగా ఐవీఎఫ్ చేయించుకున్నవాళ్లు ఉంటే కాస్త దారి చెప్పండి

నమస్కారం అండీ. మా ఆయన అమెరికా ఆర్మీలో ఉన్నారు. మాకు ఐవీఎఫ్ తప్ప వేరే మార్గం లేదని డాక్టరుగారు తేల్చేశారు.

ట్రైకేర్ (అమెరికా సైనిక కుటుంబాల ఆరోగ్య బీమా), పిల్లలు పుట్టకపోవడానికి కారణం ఏమిటో కనుక్కునే పరీక్షలకి కవర్ చేస్తుంది కానీ మామూలుగా ఐవీఎఫ్‌కి చేయదు. సర్వీసులో ఉండగా తీవ్రంగా గాయపడి లేదా జబ్బుపడి, దానివల్ల పిల్లలు పుట్టని పరిస్థితి వచ్చినవాళ్లకే మినహాయింపు. మా ఆయనకి అలాంటి గాయం, జబ్బు ఏదీ లేదు. ఇన్నేళ్ల సర్వీసు తర్వాత ఈ మాట వినడం చాలా కష్టంగా ఉంది.

వాల్టర్ రీడ్ లాంటి కొద్దిపాటి మిలిటరీ ఆసుపత్రుల్లో ఐవీఎఫ్ బయటికన్నా తక్కువ ఖర్చుకి చేస్తారు. మేమున్న బేస్‌కి అవన్నీ దూరమే. ఇంజెక్షన్లు మొదలయ్యాక రెండు మూడు రోజులకోసారి స్కాన్, రక్తపరీక్ష, ఆ తర్వాత అండాలు తీయడం. అన్నాళ్లు అక్కడే ఉండాలంటే సెలవు కావాలి. మీరు కమాండర్‌ని ఎలా అడిగారు? వెయిటింగ్ లిస్టులో ఉండగా ట్రాన్స్‌ఫర్ వస్తే మళ్లీ మొదటికేనా? డిప్లాయ్‌మెంట్‌కి (డ్యూటీ మీద దూరప్రాంతానికి పంపడానికి) ముందు వీర్యం ఫ్రీజ్ చేయిస్తే, ఆయన లేనప్పుడు వాడుకోవడానికి ఏ సంతకాలు ముందే పెట్టించాలి?

ఇంకొకటి. రిటైరయ్యాక వీఏ (మాజీ సైనికుల సంక్షేమం చూసే ప్రభుత్వ శాఖ) ద్వారా ఐవీఎఫ్ కావాలంటే సమస్య సర్వీసు వల్లే వచ్చిందని తేలాలి. 2024లో ఈ సదుపాయాన్ని పెళ్లికానివాళ్లకీ, దాత అండం లేదా వీర్యం అవసరమైనవాళ్లకీ కూడా వర్తింపజేశారు. ఆయన పాత పోస్టింగులో పొగ, రసాయనాల మధ్య పనిచేశారు. అది నిరూపించడానికి ఇప్పటినుంచే ఏ మెడికల్ రికార్డులు దాచుకోవాలి?