మొజాయిక్ బొమ్మకి తెలుగు మాట: పలుకు సరిపోతుందా?

మనకి మొజాయిక్ అంటే గచ్చే. సిమెంట్లో పాలరాతి చిప్స్ కలిపి పోసి, గట్టిపడ్డాక నీళ్ళు పోస్తూ మిషన్‌తో పాలిష్ పట్టేవాళ్ళే, అది. అందుకే గ్రీసులోని పెల్లా (అలెగ్జాండర్ పుట్టిన ఊరు) ఫొటోలు చూస్తుంటే ఈ మాట అస్సలు ఆనట్లేదు నాకు. అక్కడో ఇంటి నేల మీద చిరుతపులి ఎక్కి వెళ్తున్న డయోనిసస్ (గ్రీకుల ద్రాక్షసారా దేవుడు) ఉన్నాడు, క్రీ.పూ. 4వ శతాబ్దం చివరి నాటిది, రంగు పూసింది కాదు, గులకరాళ్ళు ఏరి నలుపూ తెలుపూ పసుపూ వేరుచేసి ఒక్కోటీ చేత్తో పొదిగారు, ఒంటి గీతలు సన్నగా రావాలని మధ్యలో సీసం రేకులు కూడా నిలబెట్టారు. అదే ఊళ్ళో ఇంకో ఇంట్లో జింక వేట బొమ్మ మీద ‘గ్నోసిస్ చేశాడు’ అని సంతకం, అదీ రాళ్ళతోనే. ఎంత ముచ్చటేసిందో!

గ్రీకులు ఇప్పటికీ దీన్ని గులకరాయి పేరుతోనే పిలుస్తారు, ప్సిఫిదోతో అని. గులకరాయిని పాతరోజుల్లో ప్సీఫోస్ అనేవాళ్ళు, ఏథెన్స్ కోర్టుల్లో తీర్పుకి ఓట్లు వేసిందీ వాటితోనే. ఎన్నికలప్పుడు టీవీలో ఓట్ల లెక్కలు విశ్లేషించే సెఫాలజిస్ట్ అన్న మాట అక్కణ్ణుంచే వచ్చింది. మొజాయిక్ మాత్రం మ్యూజ్‌ల నుంచి వచ్చిందంటారు, పాటకీ కవిత్వానికీ దేవతలైన తొమ్మిదిమంది అక్కచెల్లెళ్ళు.

ఇక్కడే నాకు మన ‘పలుకు’ గుర్తొచ్చింది. జీడిపలుకు, కప్పురపు పలుకు, అన్నం పలుకుగా ఉంది అంటాం, అంటే చిన్న గట్టి ముక్క. మాట కూడా పలుకే, సరస్వతి పలుకుచెలి. రాయీ, దేవతా రెండూ ఒక్క మాటలో దొరికాయి. పలుకుబొమ్మ అందామా?

— కుట్టిమం (రాళ్ళు పొదిగిన నేల) ఉంది కదండీ, ప్రబంధాల్లో మణికుట్టిమాలు బోలెడు.

— ఉందండీ, కానీ అది నేలకే చెల్లుతుంది. ఇలాంటి బొమ్మలు గోడలకీ పైకప్పులకీ కూడా ఉన్నాయి, వాటినేమనాలి?

— పెల్లా తర్వాత గులకరాళ్ళు మానేసి రాయి కోసి చదరపు ముక్కలు పెట్టారుగా, టెస్సెరా అనే పేరే గ్రీకు ‘నాలుగు’ నుంచి వచ్చింది. వాటికీ పలుకు నప్పుతుంది. కాకపోతే పలుకుబొమ్మ అంటే మా పిల్లలు మాట్లాడే బొమ్మ అనుకుంటారండీ.

— అవునండీ, అది తట్టలేదు నాకు. అయితే రాతిపలుకుల బొమ్మ అందాం, కాస్త పొడుగైనా.