అప్‌డేట్: డెకో కోర్సు, ట్విన్ సిలిండర్లు

స్కూబా డైవింగ్‌లో 40 మీటర్ల డీప్ సర్టిఫికెట్ ఉంది, నేరుగా డెకంప్రెషన్ (డెకో) కోర్సులో, అంటే పైకి వస్తూ మధ్యలో స్టాప్‌లు పెట్టి ఆగాల్సిన లోతు డైవ్‌ల కోర్సులో చేరనా అని ఇక్కడ చెన్నై నుంచి అడిగింది నేనే. ముందు ట్విన్ సిలిండర్లు (వీపున జంటగా కట్టుకునేవి) అలవాటు చేసుకోమని మీరన్నారు. అదే చేశాను, చాలా థాంక్సండీ.

పాండిచ్చేరిలో 6 మీటర్ల దగ్గర ప్రాక్టీస్. మొదటిరోజు మెడ వెనక సిలిండర్ వాల్వ్ కోసం చెయ్యి పెట్టగానే 4 మీటర్లకు తేలిపోయాను. నిజం డైవ్‌లో అయితే స్టాప్ తప్పినట్టే! భయమేసింది. ఇప్పుడు వాల్వ్ మూసి తెరిచినా అర మీటరు మించి కదలను.

డెకో డైవ్‌లో పైకి వస్తూ పీల్చే 50 శాతం ఆక్సిజన్ సిలిండర్ రెగ్యులేటర్‌ను (గాలి పీల్చే పరికరం) 21 మీటర్లకు వచ్చాకే నోట్లో పెట్టుకోవాలి, అంతకన్నా లోతులో ఫిట్స్ రావచ్చు. ఆ సిలిండర్‌కు మారే ముందు దాని లేబుల్ బడ్డీకి (జతగా దిగే డైవర్‌కు) చూపించడం ఇప్పటికే అలవాటు చేసుకుంటున్నాను.

కోర్సు వచ్చే నెలలో, 45 మీటర్ల వరకు. టెన్షన్ ఉంది, కానీ తొందర పోయింది.