'కావాలి'యా, 'కొరత'నా? ఆస్టెన్ మొదటి వాక్యంలో 'వాంట్' గురించి

వాల్తేరువాసి: ఒక వాక్యం కొన్నాళ్లుగా బుర్రలోంచి పోవట్లేదండీ. జేన్ ఆస్టెన్ ఇంగ్లీషు నవల ప్రైడ్ అండ్ ప్రెజుడిస్ మొదటి వాక్యాన్ని డిగ్రీలో మా లెక్చరర్ గారు తెలుగు చేసి చెప్పేవారు, "ఆస్తిపాస్తులున్న బ్రహ్మచారికి ఇల్లాలు ... అన్నది జగమెరిగిన సత్యం" అని. ఆ మధ్యలో మాటే గుర్తు రావట్లేదు. కావాలి అన్నారో, కొరత అన్నారో, మరోటో. మూడక్షరాల మాట అని మాత్రం గట్టిగా గుర్తు. ఇంగ్లీషులో 'మస్ట్ బి ఇన్ వాంట్ ఆఫ్ ఎ వైఫ్' అని ఉంటుంది, అందులో 'ఇన్ వాంట్ ఆఫ్' కి మీరైతే ఏం వేస్తారు?

నిఘంటువుల గది: కావాలి కుదరదండీ. ఆ కాలంలో వాంట్ అంటే ముందుగా లేమి. 1755 నాటి జాన్సన్ నిఘంటువులో నామవాచకంగా చూడండి, అవసరం, లోటు, పేదరికం ఇవే కనబడతాయి. 'ఐ వాంట్' అనగానే మనకి కోరిక స్ఫురించడం మన కాలపు అలవాటు. కాబట్టి "ఇల్లాలి కొరత". మీ లెక్చరర్ గారు చదువుకున్నవారైతే అదే అని ఉంటారు.

ఓరుగల్లు: కొరత అని పెడితే వాక్యం సచ్చిపోతది సార్. రెండో వాక్యం సదువుండ్రి. కొత్తగ ఊర్లకొచ్చిన మనిషి మనసుల ఏమున్నదో ఎవ్వరికీ తెల్వకున్నా సరే, సుట్టుపక్కల ఇండ్లోళ్లు మాత్రం ఆయన్ని తమ బిడ్డలల్ల ఎవరో ఒకరి సొత్తు అనుకుంటరు అని ఉంటది. అంటే ఆయన్ని అడిగినోడే లేడు. మన 'కావాలె'లనే ఆ సంగతి ఉన్నది. పిల్లగాడికి బువ్వ కావాలె అంటే వాడు అడిగిండని, చెట్టుకు నీళ్లు కావాలె అంటే చెట్టు అడిగిందా? ఆ బ్రహ్మచారి చెట్టు లెక్క నిలబడ్డడు, నీళ్లు పోసేటోళ్లు బిందెలు పట్టుకొని వస్తున్నరు. రెండర్థాలు ఒక్క మాటల దొరికినప్పుడు ఇంకోటి ఎందుకు?

నిఘంటువుల గది: చెట్టు ఉదాహరణ బాగుంది కానీ అది నా వాదనకే బలం. అక్కడ అర్థం అవసరమే కదా, కోరిక కాదు.

పాత పుస్తకాల పద్మం: మీరిద్దరూ వాంట్ పట్టుకుని వేలాడుతున్నారు గానీ అసలు ముడి దానికి ముందున్న 'మస్ట్'లో ఉందండీ. "ఉండి తీరాలి" అంటే శాసనం, "ఉండే ఉంటుంది" అంటే ఊహ. ఊళ్ళోవాళ్ళ ఊహ ఆ అబ్బాయి మీద శాసనమైపోతుంది, ఆ జారుడంతా ఒక్క క్రియలో జరిగింది. తెలుగులో రెంటికీ రెండు రూపాలున్నాయి కాబట్టి అనువదించేవాళ్ళు ఏదో ఒకటి వదులుకోక తప్పదు. నేనైతే ఊహనే ఉంచుతాను, "ఇంత ఆస్తి పెట్టుకుని ఇంకా సంబంధాలు చూడకుండా ఉంటారా" అని పెళ్ళిళ్ళ పేరయ్యలు అనే తీరు అదే మరి. ఆ వెంటనే వచ్చే సంభాషణ గుర్తుందా? ఊళ్ళోకి కొత్తగా వచ్చిన ఆ బ్రహ్మచారి బింగ్లీకి ఏడాదికి నాలుగైదు వేలు, మన పిల్లలకి ఎంత అదృష్టం అని బెన్నెట్ గారి భార్య మురిసిపోతుంటే ఆయన తాపీగా, ఇక్కడ దిగడంలో అతని ఉద్దేశం అదేనా అని అడుగుతాడు. అతనికి కావాలా అన్న ప్రశ్న ఆ పుస్తకంలో వేసింది ఆయనొక్కడే.

తెనాలి: పద్మం గారూ, మస్ట్ కూడా 'కావాలి'లోనే ఉందండి. కావలెను అంటే కా + వలెను. వలయు అన్న ధాతువు, దాని వ్యతిరేకం వలదు, అదే అరిగి వద్దు అయింది. వెళ్ళవలెను, చేయవలెను అన్నప్పుడు విధి, నాకు వలెను అన్నప్పుడు కోరిక. వలచు, వలపు కూడా ఈ కుదురులోవే అని నా నమ్మకం, నేనిది చాలాకాలంగా చెప్తున్నాను. అవసరం, విధి, వలపు మూడూ ఒక్క వేరు నుంచి పుట్టిన భాషలో ఈ నవల రాసి ఉంటే ఆవిడ మొదటి వాక్యంలోనే మొత్తం కథ చెప్పేసేది.

నిఘంటువుల గది: వలపు సంగతి అంత తేలిగ్గా తేల్చకండి. ప్రత్యయాలు ఎక్కడివో చూపించాలి. వల వేసి పట్టేది కాబట్టి వలపు అని చెప్పేవాళ్ళూ ఉన్నారు, ధ్వని దగ్గరగా ఉంటే చాలనుకుంటే నిరుక్తం, అంటే మాటల పుట్టుక చెప్పే శాస్త్రం, అవసరమే లేదు.

తెనాలి: నేను చేపల వల గురించి మాట్లాడలేదండి. వలచు సకర్మకం, వలయు అకర్మకం, తలచు పక్కన తలపు ఉన్నట్టే వలచు పక్కన వలపు. ఇంకేం ప్రత్యయం చూపించాలి?

డాలస్ శారద: నాకు ఈ వాక్యం ఎందుకు ఇన్నేళ్ళు బతికిందన్న దాని మీదే ఆసక్తి. 1797 లో ఆస్టెన్ వాళ్ళ నాన్నగారు రాతప్రతి సంగతి ఉత్తరం రాస్తే ఒక పబ్లిషర్ చూడను కూడా చూడనన్నాడు, అప్పటి పేరు ఫస్ట్ ఇంప్రెషన్స్. చివరికి 1813 జనవరి 28న వచ్చింది, రచయిత్రి పేరు లేకుండా, హక్కులు 110 పౌండ్లకి అమ్మేసుకుంది పాపం, ఆవిడ అడిగింది 150. అలాంటి పుస్తకం 1985 లో మన దూరదర్శన్‌లో తృష్ణ అని సీరియల్‌గా వచ్చింది, 1995 బీబీసీది ఇప్పటికీ మళ్ళీ మళ్ళీ చూసేవాళ్ళున్నారు, 2004 లో గురిందర్ చద్దా సినిమా తీసి కథని అమృత్‌సర్‌కి తీసుకెళ్ళింది. హీరో డార్సీ కోసం అనుకుంటారు అందరూ. నేననేది ఏంటంటే, కొరత మాట కరెక్టే కానీ అది ఎవరి కొరతో చూడాలి. లాంగ్‌బోర్న్ అనే బెన్నెట్ల ఎస్టేట్ మీద ఏడాదికి 2000 పౌండ్లు వస్తాయి, అయిదుగురు ఆడపిల్లలు, తండ్రి పోతే అదంతా కాలిన్స్ అనే దూరపు చుట్టానికి పోతుంది ఎందుకంటే అది మగవారసులకే. ఆ బ్రహ్మచారికి ఏ లోటూ లేదు, లోటు ఆ ఇంట్లో ఉంది, దాన్ని తీసుకెళ్ళి అతని నెత్తిన పెట్టారు. షార్లట్‌కి 27 ఏళ్ళు, ఆస్తి లేదు, కాలిన్స్‌ని చేసుకుంటుంది, ఆమె స్నేహితురాలు, బెన్నెట్ల రెండో అమ్మాయి ఎలిజబెత్ నిర్ఘాంతపోతుంది. షార్లట్ చేసింది తప్పని నేను ఈరోజుకీ అనలేను. మన ఇళ్ళల్లో ఎంతమంది షార్లట్‌లు లేరు?

ఓరుగల్లు: అక్కా ఇది కరెక్ట్. ఈ ఒక్క ముక్కకే పుస్తకం మళ్ల తీస్త.

విజయనగరం: షార్లట్ గురించి మాట్లాడుతూ గురజాడని వదిలేస్తే ఎలాగండీ. 'కాసులు' చదవండి, పేరే డబ్బు. "మరులు ప్రేమని మది దలంచకు, మరులు మరలును వయసు తోడనె" అన్న రెండు పాదాల్లో బెన్నెట్ల ఆఖరి పిల్ల లిడియా, ఆమెతో లేచిపోయిన వికమ్‌ల కథ అయిపోయింది. ఆ నవల చివర్లో వాళ్ళ మోజు ఎలా చల్లారిందో చెప్పిన పేరా పక్కన ఇది పెట్టి చదివితే తెలుస్తుంది. తర్వాత "మాయ మర్మము లేని నేస్తము, మగువలకు మగవారి కొక్కటె, బ్రతుకు సుకముకు రాజమార్గము". ఎలిజబెత్, డార్సీ అతని ఎస్టేట్ పెంబర్లీలో మళ్ళీ కలిసిన దగ్గర్నుంచి జరిగేది అచ్చంగా ఇదే, ప్రేమ అనే ముందు నేస్తం అన్నాడు చూడండి మహానుభావుడు.

పాత పుస్తకాల పద్మం: సుకముకు కాదండీ, సుఖముకు.

విజయనగరం: సుకము. ఒత్తు లేదు. ఆయన కావాలనే వాడుక ఉచ్చారణ పెట్టారు.

పాత పుస్తకాల పద్మం: మా ఇంట్లో ప్రతిలో ఒత్తుంది.

తెనాలి: ఛందస్సుతో తేలదు ఇది. ముత్యాలసరం నడక మూడూ నాలుగు మాత్రలు, బ్రతుకు మూడు, సుకముకు నాలుగు, ఒత్తు పెట్టినా నాలుగే.

నిఘంటువుల గది: సరే గానీ వీరేశలింగం గారు 1878 లో గోల్డ్‌స్మిత్ నవల ఆధారంగా రాజశేఖర చరిత్రము మొదలుపెట్టారు కదా, అదే చేత్తో ఆస్టెన్‌ని ఎందుకు తీసుకోలేదని నాకెప్పుడూ ఒక బాధ. ఆడపిల్లల చదువు కోసం అంత పోరాడిన మనిషి చేతిలో ఎలిజబెత్ ఎలా ఉండేదో.

డాలస్ శారద: ఎలా ఉండేదో ఏముందండీ, నీతులు చెప్పేది. అలా చెప్పకపోవడమే ఎలిజబెత్ అందం. సందర్భం లేకుండా వాక్యాలు ఏరుకుంటే ఏమవుతుందో ఇంకోటి చెప్తాను, 2017 నుంచి ఇంగ్లండ్ 10 పౌండ్ల నోటు మీద ఆస్టెన్ బొమ్మ కింద, చదవడాన్ని మించిన ఆనందం లేదు అన్న వాక్యం వేశారు. నవల్లో ఆ మాట అన్నది బింగ్లీ తోబుట్టువు కరొలైన్, డార్సీ చదువుతున్న పుస్తకానికి రెండో సంపుటం కాబట్టి ఆ పుస్తకం పట్టుకుని, చదవలేక ఆవలిస్తూ. డార్సీ కంట్లో పడడానికి అన్న మాట.

వాల్తేరువాసి: అందరికీ ధన్యవాదాలు. కానీ కావాలి మూడక్షరాలే, కొరత కూడా మూడే.

ఓరుగల్లు: కావాలె కూడ మూడే.

విజయనగరం: పద్మం గారూ, మీ ప్రతి ఏ ముద్రణో చూసి చెప్పండి. ముత్యాల సరాలు పాత అచ్చు ఎవరి దగ్గరున్నా 'కాసులు' ఉన్న పేజీ ఫోటో పెట్టండి, ఆ ఒత్తు సంగతి తేల్చుకుందాం.