నలుగురిలో మాట్లాడని పిల్లని రైలా శిబిరానికి పంపొచ్చా?

మా అమ్మాయికి 15 ఏళ్లు, స్కూల్లో ఇంటరాక్ట్ క్లబ్ (రోటరీ సేవా సంస్థ తరఫున ఉండే విద్యార్థుల క్లబ్) సభ్యురాలు. ఏ సేవా కార్యక్రమమైనా పనిలో ముందుంటుంది, మైకు ఇస్తే మాత్రం టెన్షన్. ఇప్పుడు క్లబ్ వాళ్లు రోటరీ నడిపే యూత్ లీడర్‌షిప్ శిబిరం, అదే రైలాకి, తన పేరు పంపుతామంటున్నారు. ఆ కార్యక్రమం 14 నుంచి 30 ఏళ్ల వాళ్లకి కదా, పెద్దవాళ్ల మధ్య ఇంకా ముడుచుకుపోతుందేమోనని నా భయం.

మీలో ఎవరైనా వెళ్లారా, పిల్లల్ని పంపారా? రోజంతా ఉపన్యాసాలేనా, చిన్న జట్లుగా చేసే పనులు కూడా ఉంటాయా? నోరు విప్పని పిల్లల్ని అక్కడ ఎవరైనా పట్టించుకుంటారా? సర్టిఫికెట్ నాకు ముఖ్యం కాదు, తన ఆలోచన తనే పైకి చెప్పగలిగితే చాలు. ఒప్పుకునే ముందు నిర్వాహకుల్ని ఏమేం అడగాలో దయచేసి చెప్పండి.