సమస్యాపూరణం: “చీలియున్న నాల్క చెప్పు నిజము”

నిర్వాహకుడు:
మిత్రులకు నమస్కారం. ఈసారి ఆటవెలది చివరి పాదాన్ని సమస్యగా ఇస్తున్నాను. రెండు నాలుకల మనిషిని నమ్మవద్దని పెద్దలు చెబుతారు, చీలిన నాలుక అనగానే పాము గుర్తుకు వస్తుంది, మరి అటువంటి నాలుక నిజం చెప్పడమేమిటన్నదే ఇందులోని చిక్కు. ఫౌంటెన్ పెన్ను మీద మీకున్న ప్రేమను ఇతివృత్తంగా తీసుకొని పూరించండి. నలభై ఏళ్ళుగా చేతిలో ఆ కలమే ఉన్నవాణ్ణి కనుక ఛందస్సుతో పాటు కలం సంగతులనూ పట్టి చూస్తాను.

నీలిసిరా:
పసిడి పాళి నడుమ పలుచని గీతలో
నీలి నీరు దిగును నిబ్బరముగ
మనసులోని మాట మఱుఁగేమి లేకుండ
చీలియున్న నాల్క చెప్పు నిజము

నిర్వాహకుడు:
నీలిసిరా గారూ, చిక్కును మొదటి పాదంలోనే విప్పారు: నడుమ చీలిన పాళీయే (నిబ్బే) ఆ నాలుక. “నిబ్బరముగ” అన్న మాట నాకు ఎంతో నచ్చింది, ఎందుకంటే సిరా తొందరపడి కారిపోకుండా, ఆగిపోకుండా దిగడమే ఈ కలంలోని అసలు విద్య. సన్నని సందులోకి ద్రవం తనంతట తాను పాకే గుణం వల్ల సిరా పాళీ కొనకు చేరుతుంది, అయితే దిగిన సిరాకు సరిపడా గాలి లోపలికి వెళ్ళకపోతే ధార నిలిచిపోతుంది. రుమేనియాకు చెందిన పెట్రాకె పొయెనారుకు 1827లోనే ఫ్రాన్సులో ఇటువంటి కలానికి పేటెంటు వచ్చినా, సిరా దిగే దారిలోనే గాలికీ చోటిచ్చిన అమెరికావాడు లూయీ వాటర్మన్ పేటెంటు 1884 నాటిది. ఇక వ్యాకరణం: “లేకుండన్” ద్రుతాంతం (నకారంతో ముగిసే మాట) కనుక “లేకుండఁ జీలియున్న” అని సరళాదేశం చేయండి, అంటే చకారాన్ని జకారంగా మార్చండి. జీ–చె లకు మైత్రి ఉంది కాబట్టి యతికి, అంటే పాదం మొదటి అక్షరానికీ నడిమి అక్షరానికీ ఉండవలసిన పొత్తుకు, భంగం లేదు.

పాత సిరాబుడ్డి:
ఒక సందేహం. మా ఇంట్లో పాళీ కింద ఆనుకొని ఉండే నల్లని ముక్కను నాలుక అనేవాళ్ళం. చీలింది పాళీయే కాని నాలుక కాదు కదా?

నిర్వాహకుడు:
మంచి ప్రశ్న. ఆ ముక్క మీద సన్నని గాడి ఉంటుందే తప్ప చీలిక ఉండదు. కానీ కాగితాన్ని తాకి మాట్లాడేది పాళీయే కనుక కవి దానిని నాలుక అనడంలో దోషం లేదు.

తెల్లకాగితం:
చేతి వాలు నెఱిఁగి చెలిమితో నరిగిన
పాళి పరుల చేతఁ బలుక దెపుడు
నన్నె యెఱుఁగునట్టి నా యాప్త బంధువౌ
చీలియున్న నాల్క చెప్పు నిజము

నిర్వాహకుడు:
అమ్మా, ఈ పద్యాన్ని మూడుసార్లు చదువుకున్నాను. బంగారు పాళీ అయినా కొనమీది చుక్క బంగారం కాదు, గట్టి మిశ్రలోహం. అది కూడా ఏళ్ళ తరబడి రాస్తే రాసేవారి చేతివాలుకు తగినట్టు ఒక పక్కగా అరుగుతుంది. నా పాత కలాన్ని భూతద్దం కింద పెట్టి చూస్తే గోరంచంత కూడా లేని ఆ చుక్క మీద నున్నని చిన్న పలక మెరుస్తుంది. అదే కలాన్ని మా అబ్బాయి పట్టుకుంటే కాగితాన్ని గీరుతుంది. “పరుల చేత” అన్నచోట పరుల చేతిలో అనీ, పరుల వల్ల అనీ రెండర్థాలూ పొసగడం ఈ పద్యానికి అందం. సవరణ ఏదీ లేదు.

పాత సిరాబుడ్డి:
నా ప్రయత్నం సిరా గురించి.

తడిగ నున్నవేళఁ దెలియదా వర్ణమ్ము
గాలి సోఁకినంత గాఢమగును
కాలమెంత గడవఁ గరఁగని మషితోడఁ
జీలియున్న నాల్క చెప్పు నిజము

నిర్వాహకుడు:
భావం కొత్తది, శాస్త్రానికి నిలిచేది. ఇనుప లవణాన్నీ మాచికాయల సారాన్నీ కలిపి చేసే సిరా రాసినప్పుడు వెలవెలబోయి ఉంటుంది, గాలి తగిలాక నల్లబడుతుంది, ఆపైన నీటికి కరగదు. రాసేటప్పుడు కంటికి ఆనడం కోసమే దానిలో నీలిరంగు కలిపేవారు. అయితే మొదటి పాదంలో యతి తప్పింది: త–ద లకు మైత్రి ఉన్నా అకారానికి ఎకారంతో లేదు. “తడిగ నున్నవేళఁ దగ్గును వర్ణమ్ము” అంటే సరిపోతుంది. ఒక మాట పద్యానికి బయటిది: ఆ సిరాను కలంలో ఎండనివ్వకండి, ఉక్కు పాళీని అది తినేస్తుంది.

పాత సిరాబుడ్డి:
సవరణకు ధన్యవాదాలు. అచ్చులను చూసుకోలేదు. మరి మీ పూరణ?

నిర్వాహకుడు:
ఒత్తి పలుకుమనిన నొదుఁగును మౌనాన
మెల్లఁ దాఁకఁ జాలు మేలు పలుకు
బెదరు లేని చేతఁ బ్రేమతో నడపినఁ
జీలియున్న నాల్క చెప్పు నిజము

చిన్నతనంలో పెన్సిలుకు అలవాటుపడిన చేతితో నేను కలాన్ని గట్టిగా నొక్కేవాణ్ణి. నొక్కినకొద్దీ పాళీ రెక్కలు విడిపోయి, మధ్యలో సిరా తెగి, ఒక గీత రావలసిన చోట రెండు సన్నని గీతలు, వాటి నడుమ తెల్లని దారి మిగిలేవి. మా నాన్నగారు నా మణికట్టు కింద తన వేలు ఆనించి, “దాని బరువు చాలురా, నీ బరువు వద్దు” అన్నారు. ఆ పూట రాసిన పుట నా దగ్గర ఇప్పటికీ ఉంది, పై సగం జంట గీతలు, కింది సగం ఒంటి గీతలు.

తెల్లకాగితం:
మొదటి పాదంలో “ఒ”కు “నొ”తో అచ్చు యతి చక్కగా కుదిరింది, అన్నగారూ. “బెదరు లేని చేత” దగ్గర ఆగాను. కొత్త కలంతో మొదటి అక్షరం దిద్దేటప్పుడు నా చేయి ఈనాటికీ బెదురుతుంది.