కిటికీ అద్దం వెనక పెట్టిన కెమెరాలో రాత్రి బయట కనబడుతుందా, కనబడదా?

అద్దె ఇంటి వాసి

మొదటి అంతస్తులో అద్దెకుంటున్నాం. బండి కింద గేటు పక్కన పెడతాను. పోయిన నెలలో రెండుసార్లు రాత్రిపూట ఎవరో పెట్రోల్ పైపు లాగేశారు. మొదటిసారి దానంతట అదే ఊడిందేమో అనుకున్నాను. రెండోసారి సీటు కూడా కోసి ఉంది. బయట గోడకి ఒక్క మేకు కూడా కొట్టకూడదని ఓనరు ముందే చెప్పారు. అందుకే లోపల పెట్టుకునే చిన్న వైఫై కెమెరా కొని కిటికీ గట్టు మీద, అద్దానికి ఇవతల పెట్టాను. అక్కడి నుంచి బండి 8 మీటర్ల దూరంలో ఉంటుంది.

పగలు చాలా బాగుంది, నంబరు ప్లేటు కూడా చదవొచ్చు. చీకటి పడిందంటే మాత్రం తెరంతా తెల్లగా అయిపోతోంది. మధ్యలో గుండ్రంగా ఒక వెలుగు, అందులో మా కర్టెను, నా ముఖం. బయటిది ఏమీ లేదు. ఒక ఫ్రెండేమో "అద్దం వెనక నుంచి రాత్రి ఏ కెమెరా పనిచేయదు" అంటాడు. ఇంకొకడు "4కె కొను, అన్నీ కనబడతాయి" అంటాడు. ఏ చిన్న చప్పుడైనా అమ్మ లేచి కూర్చుంటోంది, ఆ టెన్షన్ చూడలేక అడుగుతున్నాను. వీళ్లిద్దరిలో ఎవరి మాట వినాలి?

కెమెరా మెకానిక్

మొదటి ఫ్రెండు మాట వినండి. నేను కెమెరాలు బిగించే పని చేస్తాను. "అద్దం వెనక పెట్టాం, రాత్రి ఏమీ కనబడట్లేదు" అని ఎంతమంది పిలిచారో లెక్కలేదు. కెమెరా లెన్స్ చుట్టూ ఉండేవి ఐఆర్ లైట్లు. మన కంటికి కనబడని వెలుగు వదులుతాయి. ఆ వెలుగు అద్దానికి తగిలి సూటిగా లెన్స్‌లోకే తిరిగొస్తుంది. మీరు చూస్తున్న తెల్లదనం అదే.

ఆ లైట్లు ఆపేస్తే సరిపోతుందని ఎవరైనా అంటారు. అప్పుడు చీకట్లో దేనితో చూస్తారు? వాన పడితే అద్దం మీద చుక్కలు, చలికాలం ఆవిరి, మిగతా రోజుల్లో దుమ్ము. దొంగ వచ్చిన రాత్రే ఇవన్నీ ఉంటాయి. ఓనరుని ఒప్పించి బయట పెట్టించండి. వేరే దారి వెతకడం టైం వేస్ట్.

చీకటి ఫొటోలు

మెకానిక్ గారూ, తెల్లదనానికి మీరు చెప్పిన కారణం నూటికి నూరుపాళ్లు నిజం. వేరే దారి లేదన్నదే ఒప్పుకోలేను. నేను రాత్రి ఫొటోలు తీస్తుంటాను, అద్దాలతో చాలాసార్లు తిప్పలు పడ్డాను.

మామూలు అద్దం ఒక్కో ముఖం మీద 4 శాతం దాకా వెలుగుని వెనక్కి కొడుతుంది. పలకకి రెండు ముఖాలు కాబట్టి దాదాపు 8 శాతం. వినడానికి తక్కువే. కానీ దూరాల తేడా చూడండి. అద్దం కెమెరాకి 8 సెంటీమీటర్లలో ఉందనుకోండి, బండి 8 మీటర్లలో ఉంది. దూరం 100 రెట్లు పెరిగితే ఒక చోట పడే వెలుగు 10,000 రెట్లు తగ్గుతుంది. ఆ కాస్త వెలుగు బండికి తగిలి, చెదిరి, మళ్లీ 8 మీటర్లు వెనక్కి రావాలి. అద్దం నుంచి వచ్చే 8 శాతం ముందు అది ఎక్కడ నిలబడుతుంది? అంటే అడ్డుపడుతున్నది అద్దం కాదు, వెలుగు మన వైపు నుంచి పోవడం. వెలుగు అవతలి వైపు ఉంటే అదే అద్దం 90 శాతానికి పైగా లోపలికి పంపిస్తుంది.

అద్దె ఇంటి వాసి గారూ, సెట్టింగ్స్‌లో ఐఆర్ లైట్లు ఆపండి. కెమెరా మీద వెలిగే చిన్న బల్బు కూడా ఆపండి. లెన్స్‌ని అద్దానికి ఆనించి, చుట్టూ నల్లటి ఫోమ్ ముక్క రింగులా కోసి పెట్టండి. గదిలో లైటు వేసినా ఆ వెలుగు అద్దం మీద పడి లెన్స్‌లోకి రాకూడదు, అంతే. ఇంతకీ కింద వీధి దీపం ఉందా?

అద్దె ఇంటి వాసి

ఉందండి, గేటుకి కాస్త అవతల. ఎల్ఈడీ దీపం. మీరు చెప్పినట్టే చేసి ఇప్పుడే చూశాను. తెల్లదనం పూర్తిగా పోయింది! బండి కనబడుతోంది. కానీ బొమ్మంతా ఇసుక చల్లినట్టు ఉంది. తమ్ముణ్ణి కిందికి పంపి బండి పక్కన నడవమన్నాను. మనిషి కాదు, పొగ కదిలినట్టు కనబడ్డాడు. ముఖం అసలు తెలియలేదు.

కెమెరా మెకానిక్

నేను చెప్పింది ఇదే. వెలుగు చాలనప్పుడు కెమెరా షట్టర్‌ని ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. మామూలుగా నడిచే మనిషి సెకనుకి 1.4 మీటర్లు పోతాడు. షట్టర్ సెకనులో నాలుగో వంతు తెరిచి ఉంటే ఆలోపు 35 సెంటీమీటర్లు కదులుతాడు, అంటే ముఖం వెడల్పుకి రెట్టింపు. ఆ ముఖాన్ని పోలీసులకి చూపించి ఏం లాభం? ఆగి ఉన్న బండి బాగా కనబడితే కెమెరా బాగున్నట్టు కాదు. కొట్టులో చూపించే రాత్రి ఫొటోలన్నీ కదలని వస్తువులవే.

చీకటి ఫొటోలు

ఈ చివరి మాట అందరూ గుర్తుపెట్టుకోవాలి. షట్టర్‌ని సెకనులో 25వ వంతు (1/25) మించి తెరుచుకోకుండా ఆపేస్తే ఆ 35 సెంటీమీటర్లు 5, 6కి వస్తాయి. అలా ఆపడానికి సెట్టింగ్ ఉన్న కెమెరా కావాలి, చవక వైఫై కెమెరాల్లో చాలావాటికి ఉండదు. షట్టర్ ఆపితే బొమ్మ చీకటవుతుంది. ఆ లోటు లెన్స్, సెన్సర్ (వెలుగుని బొమ్మగా మార్చే చిప్) తీర్చాలి. ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లెన్స్ ఎక్కువ వెలుగు తీసుకుంటుంది: ఎఫ్2.0 లెన్స్ కంటే ఎఫ్1.0 లెన్స్ నాలుగు రెట్లు. సెన్సర్ 1/2.8 అంగుళాలది కాకుండా 1/1.8ది అయితే ఇంకా మేలు, అది పెద్దది. సోనీ స్టార్విస్ లాంటి, తక్కువ వెలుగు కోసమే చేసిన సెన్సర్లు వాడే కెమెరాలు చాలా ఉన్నాయి.

4కె, అంటే 8 మెగాపిక్సెళ్ల బొమ్మ, అన్న ఫ్రెండు సంగతి. సెన్సర్ సైజు పెంచకుండా 2 మెగాపిక్సెళ్ల చోట 8 పెడితే ఒక్కో పిక్సెల్ వైశాల్యం నాలుగో వంతుకి తగ్గుతుంది, దానికి అందే వెలుగూ అంతే. ఇప్పుడు మీరు చూస్తున్న ఇసుక తగ్గదు.

రెండో అంతస్తు

మధ్యలో వస్తున్నాను, క్షమించండి. మా ఇంట్లో ఇలాగే కిటికీ లోపల కెమెరా పెట్టి మూడు నెలలు నమ్ముకున్నాం. బ్యాటరీ కెమెరా. మనిషి కదిలితే ఫోన్‌కి అలర్ట్ వస్తుందన్నారు. కింద ఎవరో కారు అద్దం పగలగొట్టిన రాత్రి రికార్డింగ్ చూద్దామంటే ఏమీ లేదు. ఒక్క అలర్ట్ కూడా రాలేదు. తర్వాత తెలిసింది, అందులో ఉన్నది పీఐఆర్ సెన్సర్ అని. అది మనిషి ఒంటి వేడిని చూసి పనిచేస్తుంది. ఒంటి వేడి నుంచి వచ్చే కిరణాలని కిటికీ అద్దం దాటనివ్వదు. అద్దం వెనక దానికి అది గోడే! ఇది కొనేటప్పుడు మాకెవరూ చెప్పలేదు, ఆ బాధ ఇంకా పోలేదు. అద్దం వెనక పెట్టేవాళ్లు దయచేసి బొమ్మలో మార్పు చూసి కదలిక పట్టే కెమెరానే తీసుకోండి, లేదా రోజంతా ఆపకుండా రికార్డు చేసేది.

అద్దె ఇంటి వాసి

చాలా థ్యాంక్స్ మేడమ్. నేను బ్యాటరీ కెమెరాకి మారదామనే అనుకుంటున్నాను, ఆగిపోయాను. బయట వేరే ఐఆర్ లైటు పెడితే ఎలా ఉంటుంది? బాల్కనీ రెయిలింగ్‌కి క్లాంపుతో బిగించేవి ఉన్నాయట, మేకు అక్కర్లేదు.

చీకటి ఫొటోలు

మంచి ఆలోచన. ముందు అద్దాన్ని పరీక్షించండి. కొన్ని కొత్త కిటికీల్లో వేడి లోపలికి రాకుండా కంటికి కనబడని పూత ఉంటుంది, అది ఐఆర్‌ని కూడా చాలావరకు ఆపేస్తుంది. టీవీ రిమోట్ తీసుకోండి. ఫోన్ సెల్ఫీ కెమెరా ముందు పెట్టి బటన్ నొక్కితే దాని కొన మెరుస్తుంది. ఇప్పుడు రిమోట్ అద్దానికి అవతల, ఫోన్ ఇవతల పెట్టి చూడండి. మెరుపు బాగా తగ్గిపోతే మీ కిటికీకి ఐఆర్ లైటు దండగ.

కొనేముందు ఇంకో సంగతి. 850 నానోమీటర్ల లైటు దూరం పోతుంది కానీ దగ్గరికొస్తే సన్నటి ఎరుపు కనబడుతుంది. 940ది అస్సలు కనబడదు, దూరం తక్కువ. కెమెరాని నలుపు తెలుపు రాత్రి మోడ్‌లో పెట్టి (ఐఆర్ వెలుగు అప్పుడే దానికి కనబడుతుంది), దాని సొంత లైట్లు మాత్రం ఆపాలి. ఈ రెండూ విడివిడిగా మార్చుకునే వీలున్న కెమెరా కావాలి. ఎల్ఈడీ వీధి దీపంలో ఐఆర్ దాదాపు ఉండదు కాబట్టి దాన్నే నమ్ముకుంటే రాత్రి మోడ్ వల్ల పెద్దగా లాభం ఉండదు.

కెమెరా మెకానిక్

ఐఆర్ ఎందుకండీ? కదలికకి వెలిగే తెల్ల లైటు పెట్టండి. ఆ లైటు బయట ఉంటుంది కాబట్టి దాని పీఐఆర్‌కి అద్దం అడ్డం లేదు. వచ్చినవాడి ముఖం మీద వెలుగు పడితే సగం మంది అక్కడే వెనక్కి తిరుగుతారు. రంగులో రికార్డవుతుంది, చొక్కా రంగు చెప్పగలుగుతారు. పైపు లాగేవాణ్ణి తర్వాత పట్టుకోవడం కంటే లాగకుండా చేయడం ముఖ్యం కదా.

రెండో అంతస్తు

ఎదురింటివాళ్ల పడకగదిలోకి పడకుండా చూసుకోండి. మా పక్కవాళ్ల లైటు పిల్లి కదిలినా వెలిగేది, మా పాప ఉలిక్కిపడి లేచేది. కిందికి వంచి పెట్టమని రెండుసార్లు అడగాల్సి వచ్చింది. ఐఆర్ అయితే ఎవరి నిద్రా చెడదు.

చీకటి ఫొటోలు

ఇద్దరి మాటల్లోనూ నిజముంది. ముఖం గుర్తుపట్టడమే కావాలంటే నేనైతే తెల్ల లైటే అంటాను. కానీ లైటు కంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటుంది, దాని గురించి ఎవరూ అడగట్లేదు. లెన్స్ ఎన్ని ఎం.ఎం., అంటే దాని చూపు ఎంత వెడల్పు? ఇంట్లో పెట్టే కెమెరాల్లో ఎక్కువగా 2.8 ఎం.ఎం. ఉంటుంది, దాని చూపు సుమారు 100 డిగ్రీలు. 8 మీటర్ల దూరంలో అది 19 మీటర్ల వెడల్పు చూపిస్తుంది. 2 మెగాపిక్సెళ్ల బొమ్మ అడ్డంగా 1920 పిక్సెళ్లు. అంటే మీటరుకి 100. తెలియని మనిషిని గుర్తుపట్టాలంటే మీటరుకి 250 ఉండాలని నిఘా కెమెరాల ప్రమాణాలు చెబుతాయి. తెలిసినవాళ్లని పోల్చుకోవడానికి 125.

అదే 6 ఎం.ఎం. లెన్స్ అయితే చూపు 50 డిగ్రీలు, వెడల్పు ఏడున్నర మీటర్లు, మీటరుకి 250 దాటుతుంది. 2.8 లెన్స్‌తో 4కె పెట్టినా 200 దగ్గరే ఆగిపోతుంది. మీకు కావాల్సింది గేటు, బండి. వీధి మొత్తం కాదు. ఎదురింటివాళ్ల గుమ్మం బొమ్మలోకి రాకపోవడం కూడా మంచిదే కదా.

కెమెరా మెకానిక్

ఈ లెక్క సరైనదే. మా దగ్గరికి వచ్చేవాళ్లంతా "వీధి మొత్తం కనబడాలి" అంటారు, తీరా దొంగతనం జరిగాక ముఖం చీమంత ఉందని గొడవ పెట్టుకుంటారు. ఇరుకు లెన్స్ మంచిదని చెప్పినా వినరు. అది సరే, అద్దం గురించి మాత్రం నా మాట మారదు. మీ కిటికీకి గ్రిల్ ఉందా? ఉంటే దానికి బయటివైపు క్లాంపు వేయొచ్చు. గోడ జోలికి పోనక్కర్లేదు.

అద్దె ఇంటి వాసి

పది రోజుల తర్వాత రాస్తున్నాను. రిమోట్ పరీక్షలో మెరుపు దాదాపు మాయమైంది, మా అద్దానికి పూత ఉన్నట్టుంది. అందుకే ఐఆర్ వదిలేశాను. 6 ఎం.ఎం. లెన్స్, 1/1.8 సెన్సర్ ఉన్న 2 మెగాపిక్సెళ్ల కెమెరా తీసుకున్నాను. ఇదీ లోపల పెట్టేదే. షట్టర్ 1/25. అద్దానికి ఆనించి, చుట్టూ ఫోమ్ పెట్టి, వెనక నల్లగుడ్డ కట్టాను. బాల్కనీ రెయిలింగ్‌కి కదలికకి వెలిగే లైటు, కిందికి వంచి.

తమ్ముణ్ణి మళ్లీ పంపాను. లైటు వెలగగానే ముఖం స్పష్టంగా తెలిసింది, చొక్కా గళ్లు కూడా. లైటు వెలగకముందు వీధి దీపం వెలుగులో ఎవరో ఉన్నారని తెలుస్తుంది, ఎవరో తెలియదు. నంబరు ప్లేటు మాత్రం రాత్రి చదవలేకపోతున్నాను, లైటు పడగానే ప్లేటంతా తెల్లగా మెరుస్తోంది.

మొన్న రాత్రి రెండు గంటలు వాన పడింది. ఆ రికార్డింగ్ చూశాను. లైటు వెలిగినప్పుడల్లా అద్దం మీది చుక్కలన్నీ మెరిసి, బండి ఉన్నచోట వెలుగు ముద్దలు తప్ప ఏమీ లేవు. మెకానిక్ గారి మాట ఆ రెండు గంటలూ నిజమైంది. మిగతా రాత్రుల్లో చీకటి ఫొటోలు గారి మాట నిజమైంది. గ్రిల్ ఉందండి. క్లాంపు గురించి ఓనరు గారిని అడిగాను, ఆదివారం వచ్చి చూస్తానన్నారు.

చీకటి ఫొటోలు

ప్లేటుకి వచ్చిన వెలుగుని వచ్చిన వైపే తిప్పికొట్టే పూత ఉంటుంది, అందుకే ఆ మెరుపు. లైటుని కెమెరాకి వీలైనంత పక్కకి, దూరంగా జరిపి చూడండి. వాన చుక్కల మెరుపు కూడా కొంత తగ్గొచ్చు.

కెమెరా మెకానిక్

ఓనరు ఒప్పుకుంటే ఇప్పుడున్న కెమెరానే తీసి గ్రిల్‌కి కట్టకండి, అది వానకి ఆగదు. దుమ్ము, నీళ్లు లోపలికి పోవని చెప్పే రేటింగు కనీసం ఐపీ66 అయినా ఉన్నది తీసుకోండి. వైరు కిటికీ సందులోంచి లోపలికి వచ్చేచోట కిందికి ఒక వంపు ఇవ్వండి, నీళ్లు వైరు వెంట లోపలికి రాకుండా ఆ వంపు దగ్గరే కారిపోతాయి. అప్పటిదాకా లోపలి కెమెరా తీయొద్దు, అద్దం మాత్రం రెండు వైపులా తుడుస్తూ ఉండండి.