ప్యాకెట్ విమానం వీపు మీది జెట్ ఇంజిన్‌ను సిమ్యులేటర్‌లో ఎలా చూపాలి?

గగనసీమ (మారతహళ్ళి, బెంగళూరు):

అందరికీ నమస్కారం. బెంగళూరులో ఉంటున్న మేము కొందరం తెలుగువాళ్ళం కలిసి, భారత వైమానిక దళం వాడిన ఫెయిర్‌చైల్డ్ సీ-119జీ ప్యాకెట్ రవాణా విమానాన్ని ఫ్లైట్‌గేర్ అనే విమాన సిమ్యులేటర్‌లో రూపొందిస్తున్నాం. రెండు రైట్ ఆర్-3350 పిస్టన్ ఇంజిన్లకు తోడుగా వీపు మీద ఒక ఓర్ఫియస్ జెట్ ఇంజిన్‌ను అమర్చిన రూపాన్నే మేము ఎంచుకున్నాం. ఓర్ఫియస్‌లు ఈ ఊళ్ళోనే హిందుస్థాన్ ఏరోనాటిక్స్ (హెచ్‌ఏఎల్) ఇంజిన్ విభాగంలో తయారు కావడం అందుకు ఒక కారణం. 1962 జూలై 23న స్క్వాడ్రన్ లీడర్ సి.కె.ఎస్. రాజె లద్దాఖ్‌లో 16,614 అడుగుల ఎత్తునున్న దౌలత్ బేగ్ ఓల్డీలో ప్యాకెట్‌ను దింపిన ఘట్టం మీద మాకున్న గౌరవం మరొక కారణం.

విమాన గమనాన్ని లెక్కించడానికి జేఎస్‌బీసిమ్ అనే సాఫ్ట్‌వేర్‌ను వాడుతున్నాం. జెట్‌ను విడిగా పెట్టడం ఎందుకు, పిస్టన్ ఇంజిన్ల అశ్వశక్తిని కొంత పెంచితే సరిపోతుంది కదా అని మా బృందంలో ఒకరి అభిప్రాయం. అది నిలబడుతుందా? విడిగా పెట్టవలసి వస్తే ఏయే అంశాలు జాగ్రత్తగా చూసుకోవాలి?

వాయుగతి (చెన్నై):

గగనసీమ గారూ, అశ్వశక్తిని పెంచే పద్ధతిని దయచేసి ఆదిలోనే వదిలేయండి. ప్రొపెల్లర్ ఇచ్చే థ్రస్ట్ (ముందుకు నెట్టే బలం) వేగం పెరిగేకొద్దీ తగ్గిపోతుంది, జెట్ థ్రస్ట్ మాత్రం ఈ విమానం ఎగిరే వేగాల్లో దాదాపు మారదు. 3,500 అశ్వశక్తి గల ఇంజిన్‌కు 80 శాతం సామర్థ్యం గల ప్రొపెల్లర్ ఉందనుకుంటే, అది 120 నాట్ల వద్ద సుమారు 7,600 పౌండ్ల థ్రస్ట్ ఇస్తుంది, 180 నాట్ల వద్ద ఇచ్చేది సుమారు 5,070 పౌండ్లే. ఓర్ఫియస్ థ్రస్ట్ సముద్రమట్టంలో 4,500 పౌండ్ల దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి, 180 నాట్ల వద్ద అది ఇంచుమించు మూడో ప్రొపెల్లర్ ఇంజిన్‌తో సమానమవుతుంది. అశ్వశక్తిని ఎంత పెంచినా ఈ తీరు రాదు.

అంతకంటే ముఖ్యమైనది ఒక ఇంజిన్ ఆగిపోయినప్పటి పరిస్థితి. మధ్యరేఖ మీద ఉన్న జెట్ విమానాన్ని పక్కకు తిప్పకుండా ముందుకు నెడుతుంది. ఆ బలాన్ని పిస్టన్ ఇంజిన్లకు కలిపేస్తే, ఎడమ ఇంజిన్ ఆగిన మరుక్షణం కుడి ఇంజిన్ మరింత బలంగా విమానాన్ని ఎడమకు తిప్పుతుంది. జెట్‌ను పెట్టిందే ఆ ఆపదలో ఆదుకోవడానికి అయినప్పుడు, మన నమూనా సరిగ్గా అక్కడే తలకిందులైతే ఇక దాని ప్రయోజనం ఏముంటుంది?

జేఎస్‌బీసిమ్ ఒకే విమానంలో పిస్టన్, టర్బైన్ (జెట్) ఇంజిన్లను కలిపి పెట్టనిస్తుంది. పిస్టన్లకు ప్రొపెల్లర్‌ను, టర్బైన్‌కు డైరెక్ట్ థ్రస్టర్‌ను (థ్రస్ట్‌ను నేరుగా విమానానికి చేర్చే భాగాన్ని) ఇచ్చి, థ్రస్టర్ స్థానాన్ని గురుత్వ కేంద్రానికి పైన ఉండేలా అంగుళాల్లో రాయండి. ఉదాహరణకు జెట్ ఎనిమిది అడుగుల పైన ఉందనుకుంటే, 4,500 పౌండ్ల థ్రస్ట్ ముక్కును కిందికి వంచే 36,000 అడుగు-పౌండ్ల మొమెంట్‌ను పుట్టిస్తుంది. జెట్‌ను పెంచినప్పుడు పైలట్ ట్రిమ్ (ముక్కును సమంగా నిలిపే సర్దుబాటు) మార్చుకోవలసి రావడం అందువల్లనే.

ఇక దౌలత్ బేగ్ ఓల్డీ విషయానికి వస్తే, వాతావరణాన్ని తప్పక సరిచూసుకోండి. ప్రామాణిక వాతావరణంలో ఆ ఎత్తున ఉష్ణోగ్రత మైనస్ 18 డిగ్రీలు, గాలి సాంద్రత సముద్రమట్టంలో ఉండేదానిలో 60 శాతం. వేసవి పగలు 10 డిగ్రీలు ఉందనుకుంటే సాంద్రత 54 శాతానికి పడిపోతుంది, అంటే విమానం 19,700 అడుగుల మీద ఉన్నట్టే ప్రవర్తిస్తుంది. అప్పుడు వేగమాపకం 110 నాట్లు చూపుతుంటే గాలిలో అసలు వేగం 150 నాట్లు. ఇంజిన్ శక్తి తగ్గడం ఒక ఎత్తు, ఉన్న శక్తికే ప్రొపెల్లర్ థ్రస్ట్ పావు వంతుకు పైగా తగ్గడం మరొక ఎత్తు. జెట్ కూడా అక్కడ సుమారు 2,400 పౌండ్లకు దిగుతుంది. టర్బైన్ థ్రస్ట్ పట్టికను మాక్ సంఖ్యతో (ధ్వని వేగంతో పోల్చిన వేగంతో) పాటు సాంద్రతా ఎత్తు (గాలి సాంద్రతను బట్టి లెక్కించే ఎత్తు) ఆధారంగా రాస్తే ఈ తగ్గుదల దానంతట అదే వస్తుంది. పిస్టన్‌కు మాత్రం సూపర్‌చార్జర్ (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపే యంత్రం) వేగాలను, ఒక్కొక్కదాని రేటెడ్ ఎత్తును (ఆ శక్తి తగ్గకుండా నిలిచే ఎత్తును) విడివిడిగా ఇవ్వాలి.

కొత్తరెక్క (ఇందిరానగర్, బెంగళూరు):

పై సమాధానంతో పూర్తిగా ఏకీభవిస్తూ ఒక్క మాట చేరుస్తున్నాను. ఇదే విమానాన్ని మైక్రోసాఫ్ట్ ఎఫ్‌ఎస్‌ఎక్స్ సిమ్యులేటర్‌కు కూడా ఇవ్వాలనుకుంటే, అక్కడ విమానం మొత్తానికి ఒకే ఇంజిన్ రకాన్ని ప్రకటించాలి కాబట్టి జెట్ థ్రస్ట్‌ను బయటి మాడ్యూల్ ద్వారా చేర్చవలసి వస్తుంది. ఎక్స్‌ప్లేన్ సిమ్యులేటర్‌లో ఒక్కో ఇంజిన్‌కు ఒక్కో రకం ఎంచుకోవచ్చు.

మేఘమార్గం (ఆవడి, చెన్నై):

ఆపిన జెట్ గురించి ఎవరూ ప్రస్తావించలేదు. ఇలాంటి విమానాలు చాలావరకు జెట్‌ను టేకాఫ్‌కు, ఎత్తెక్కడానికి వాడుకుని, ప్రయాణంలో ఆపేసేవి. ఆరు పిస్టన్లకు నాలుగు జె47 జెట్లు తోడైన అమెరికా బాంబర్ బి-36డీలో, ఆపిన జెట్ల ముఖాలను మూసే ఏర్పాటు ఉండేది. ఆ మూత లేకపోతే లోపలి చక్రాలు గాలికి తిరుగుతూ డ్రాగ్‌ను (గాలి నిరోధాన్ని) పెంచుతాయి. జేఎస్‌బీసిమ్ ఈ డ్రాగ్‌ను తనంతట తాను లెక్కించదు కనుక, జెట్ ఆగి ఉన్నప్పుడే పనిచేసే డ్రాగ్ ఫంక్షన్ ఒకటి మీరే రాయాలి.

ఇంధనాన్ని ఏ ట్యాంకు నుంచి తీసుకోవాలో ఒక్కో ఇంజిన్‌కు విడిగా నిర్దేశించండి. బి-36, నెప్ట్యూన్ విమానాల జెట్లు పిస్టన్లు వాడే పెట్రోలునే వాడేవి కాబట్టి వాటికి ట్యాంకులు ఉమ్మడిగా ఉన్నా ఇబ్బంది లేదు, ప్రతి విమానమూ అలాగే ఉంటుందని మాత్రం అనుకోకండి. మీ తర్వాతి నమూనా ఆంతొనోవ్ ఆన్-26 అయితే, దాని ఆర్‌యూ-19 జెట్ కుడి ఇంజిన్ గూటిలో ఉండి 800 కిలోల థ్రస్ట్ ఇస్తుంది. అది మధ్యరేఖ మీద లేదు గనుక, అక్కడ థ్రస్టర్ పక్క స్థానాన్ని కూడా సరిగ్గా రాయాలి.

గగనసీమ (మారతహళ్ళి, బెంగళూరు):

అందరికీ కృతజ్ఞతలు. జెట్‌ను విడి ఇంజిన్‌గానే పెడుతున్నాం. దాని థ్రాటిల్‌ను పిస్టన్ల థ్రాటిల్‌తో కలపాలా, వేరుగా ఉంచాలా?

వాయుగతి (చెన్నై):

తప్పకుండా వేరుగా ఉంచండి. ఆ తరం జెట్ ఐడిల్ (కనిష్ఠ వేగం) నుంచి పూర్తి శక్తికి రావడానికి కొన్ని సెకన్లు పడుతుంది, పిస్టన్ అంతకంటే త్వరగా స్పందిస్తుంది. బ్రేకులు పట్టి ఉంచి, ముందు జెట్‌ను పూర్తి వేగానికి తెచ్చి, ఆ తర్వాత పిస్టన్లను పెంచి బ్రేకులు వదిలేలా మీ చెక్‌లిస్టును రాయండి. థ్రాటిల్ ఒక్కటే అయితే ఈ క్రమాన్ని పాటించే వీలే ఉండదు.